వియ్యంకుల రివాల్వర్లు

మా పెళ్ళి కుదిరింది రివాల్వరు వల్ల. ఈ మాట చెబితే నా దగ్గరికొచ్చే పేషెంట్లు నోరు ఇంకాస్త పెద్దగా తెరుస్తారు. నాకు పని సులువవుతుంది. నేను కర్నూల్లో పళ్ళ డాక్టర్ని. పుట్టి పెరిగింది కడప పక్కన. మా నాయనకు అక్కడ చీనీ తోట ఉంది. మా మామకు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది కానీ కాపురం కర్నూలు టౌన్లోనే.

పెళ్ళిచూపులకు మామవాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, సోఫాలో కూర్చోబోతూ మామ నడుము దగ్గర లాల్చీని ఒకసారి పైకి లాగి సర్దుకున్నాడు. మా నాయన చూపు అక్కడే ఆగిపోయింది. నా చదువు గురించి చెబుతున్నవాడు మధ్యలో మానేసి అడిగాడు.

“ఏమప్పా, ముప్పై రెండు బోరా?”

“అవునప్పా,” అన్నాడు మామ. “మీకెట్ల తెలిసె?”

నాయన లోపలికి పోయి బీరువా తెరిచి తన రివాల్వరు తెచ్చాడు. తూటాలు తీసేసి టీపాయ్ మీద పెట్టాడు. మామ కూడా తనది ఖాళీ చేసి పక్కన పెట్టాడు. ఒకే ఫ్యాక్టరీది, ఒకే మోడలు, గొట్టం పొడవు కూడా ఒకటే. కవలపిల్లల్లా ఉన్నాయి. ఇద్దరూ ఒకరిదొకరు చేతిలోకి తీసుకుని బరువు చూసి “అబ్బా” అనుకున్నారు. కాఫీ ట్రే పట్టుకొచ్చిన మా అమ్మకు దాన్ని పెట్టడానికి టీపాయ్ మీద చోటు దొరకలేదు. నేను, మా ఆయన ఒకరినొకరు చూసుకున్నామో లేదో ఎవరికీ పట్టలేదు. వాళ్ళు లేచి వెళ్ళేటప్పటికి మా నాయన, మామ ఇద్దరూ ఒకరినొకరు “బావా” అని పిలుచుకుంటున్నారు. నన్ను ఒప్పుకున్నట్టు దాన్నిబట్టే తెలిసింది.

ఇద్దరికీ శత్రువులు లేరు. మామ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో క్వారీల దారిలో వేళకాని వేళ తిరగాల్సి వచ్చి లైసెన్సు తీసుకున్నాడట. తర్వాత ఆ దారికి లైట్లొచ్చాయి, టీ కొట్లొచ్చాయి, జనమొచ్చారు. రివాల్వరు మాత్రం నడుముకు అలాగే ఉండిపోయింది. పొట్ట పెరిగేకొద్దీ అది లోపలికి పోయి, చివరికి పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళకు గుచ్చుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. ఎన్నికలొస్తే ఊళ్ళో అందరి తుపాకులూ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఆ రోజుల్లో మామను చూస్తే జాలేసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయేది. అక్కడేమీ లేక, పంచె బిగించుకుని వెనక్కి వచ్చేది.

అది పేలగా విన్నవాళ్ళు మా ఇంట్లో లేరు. “ఎప్పుడన్నా కాల్చినాడా అత్తా?” అని ఒకసారి అడిగాను.

“నా చెవులతో అయితే నేను వినలేదమ్మా,” అంది అత్త. “గురక మాత్రం వినపడతాది.”

మా నాయన సంగతి వేరు. తోట పని తగ్గించుకున్నాక కడపలో ఒక రైఫిల్ క్లబ్బులో చేరాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే కారందోసె తిని, పోయి, కాగితం మీద కాల్చి వచ్చేవాడు. దోసె కోసం పోతాడో కాల్చడానికి పోతాడో మా అమ్మకు ఇప్పటికీ అనుమానమే.

గొడవ మొదలైంది మా పాపకు చెవులు కుట్టించిన రోజు. కడపలో మా పుట్టింట్లోనే పెట్టుకున్నాం. పాపను మామ ఒళ్ళో కూర్చోబెట్టారు. కంసాలాయన బంగారు తీగ సాగదీసుకుని, చెవి తమ్మె మీద చుక్క పెట్టుకుని చూస్తున్నాడు.

“గురి అంటే అట్ల ఉండాల,” అన్నాడు మా నాయన, కంసాలాయన్ని చూపించి. “నేను కూడా అంతే. మన వాకిట్లో నిలబడి గేటు మీద పెట్టిన నిమ్మకాయను కొట్టేస్తా.”

మామ పాపను గట్టిగా పట్టుకున్నాడు. “నిమ్మకాయదేముండాది బావా. నేనయితే తొడిమ కొడతా. కాయకు దెబ్బ తగలదు.”

“తొడిమనా?”

“తొడిమే.”

“మీరు ఎప్పుడన్నా కాల్చినారా బావా?”

“గురి ఉండేవాడు ఊరికే కాలుస్తాడా?”

కంసాలాయన తీగ అట్లే పట్టుకుని ఇద్దరి వైపూ చూశాడు. “సామీ, తొడిమ సంగతి తర్వాత. ముందు పాప చెవి కానీండి. కదులుతాండారు మీరు.”

పాప ఏడుపు ఆగేసరికి పందెం ఖాయమైంది. ఆరు తూటాలు, కర్నూలు రైఫిల్ క్లబ్బులో, వచ్చే ఆదివారం. న్యాయం చెప్పేది నేను. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు నేను రైఫిల్ కాల్చాను, అదొక అర్హత. ఒకరికి కూతుర్ని, ఒకరికి కోడల్ని కాబట్టి ఎవరివైపు మాట్లాడినా ఇంకొకరు తిడతారు, కాబట్టి ఎవరివైపూ మాట్లాడనని వాళ్ళ నమ్మకం. మా ఆయన మాత్రం ఆ ఆదివారం తనకు తలనొప్పి వస్తుందని ముందే చెప్పేశాడు.

ఆ క్లబ్బు ఊరి బయట, పాతబడిపోయిన ఒక రాళ్ళ గుంతలో ఉంటుంది. మూడువైపులా రాతి గోడ, ఎదురుగా మట్టి దిబ్బ. సెక్రటరీ చీరల వ్యాపారి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చెవులకు పెద్ద మూతలు. మా మామను చూడగానే, “రండి సార్, కూర్చోండి, ఏం చూపించమంటారు?” అన్నాడు. అలవాటు.

మొదట మా నాయన కాల్చాడు. ఊపిరి తీసుకుని, సగం వదిలి, నిదానంగా ఒక్కొక్కటే. కాగితం తెచ్చి చూస్తే ఆరు రంధ్రాలూ సాసరంత జాగాలో ఉన్నాయి, నల్ల వలయం మధ్యలో. “ఏదో, అట్ల తగిలినాయి,” అన్నాడు నాయన. అట్ల అనేటప్పుడు ఆయన మెడ ఎంత సాగిందో చెప్పలేను.

తర్వాత మామ. నడుము నుంచి తీయడానికే కొంత సేపు పట్టింది. కాళ్ళు దూరంగా పెట్టాడు, పొట్ట లోపలికి పీల్చాడు, కాల్చాడు. మొదటిది కాగితం పై ఎడమ మూలకు పోయింది. రెండోది కింద కుడి మూలకు. మూడోది కాగితానికే తగల్లేదు, కానీ దిబ్బ మీద ఒక తొండ లేచి పరిగెత్తింది. నాలుగోది కాగితాన్ని బిగించిన చెక్కకు తగిలి చెక్క ఊగింది. ఐదోది పేలలేదు, “తుస్” అంది. దీపావళికి తడిసిన చిచ్చుబుడ్డిలాగా సన్నటి పొగ వచ్చింది.

“ఆగండి సార్! ఆగండి!” సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. “ఇంకోటి కాల్చొద్దు. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉంటే దాని వెనక ఇంకోటి పోయి గొట్టం పగిలిపోతాది.” సిలిండరు ఖాళీ చేయించి, గొట్టంలోకి సన్న కడ్డీ పెట్టి చూశాడు. గొట్టం ఖాళీగానే ఉంది. గుండు ఎక్కడా అని వెతికితే, మామకు కాస్త ముందర నేల మీద, అలసిపోయి కూర్చున్నట్టు పడి ఉంది.

ఆరోదాన్ని మళ్ళీ ఎక్కించి కాల్చబోతే సిలిండరు తిరగలేదు.

ఆ పొద్దు మధ్యాహ్నం మా రెండు కుటుంబాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మామ కాల్చిన కాగితాన్ని మా నాయన ఫోటో తీసి పెట్టాడు. కింద రాశాడు: “మా బావ చుక్కలు పెట్టినాడు. ముగ్గు మీరే కలుపుకోండి.”

చుట్టాలు నిజంగానే కలిపారు. పత్తికొండలో ఉండే మా చిన్నత్తగారు చక్కగా నెమలిని గీసి, తోకకు రంగులు కూడా వేసి పంపింది. మామ ఆ నెమలిని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఫోను బోర్లా పెట్టేశాడు. ఆ పూట సంగటి ముట్టలేదు.

మర్నాటి నుంచి ఆయన తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. కళ్ళలో ఉందని కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి కొత్త అద్దాలు తెచ్చుకున్నాడు. చెయ్యి వణుకుతోందని, నిండా నీళ్ళు పోసిన చెంబు పట్టుకుని చెయ్యి చాపి వరండాలో నిలబడేవాడు. పాలబ్బాయి, పేపరాయన ఇద్దరూ ఆ చెంబు తమకే ఇస్తున్నాడనుకుని అందుకోబోయారు. కాఫీ వల్ల నరాలు అదురుతున్నాయని ఎవరో చెప్పారు. దాంతో ఆయన కాఫీ మానేశాడు. ఎదురుగా ఎవరైనా తాగుతుంటే చూడలేకపోతున్నానని ఇంట్లో అందరిచేతా మాన్పించాడు. అత్త పక్కింటికి పోయి తాగి వచ్చేది. నేను క్లినిక్కులో తాగేదాన్ని. మా ఆయన ఎక్కడ తాగేవాడో తెలియదు కానీ మనిషి ఉత్సాహంగానే ఉండేవాడు.

ఇంతా చేసి మళ్ళీ ఒక ఆదివారం నన్ను తోడు తీసుకుని క్లబ్బుకు పోయాడు. మళ్ళీ అదే ముగ్గు. ఈసారి చుక్కలు ఇంకా దూరదూరంగా.

“గొట్టం వంకర పోయినాది పాపా,” అన్నాడు నాతో దిగులుగా. “మీ నాయనది మంచి పీసు వచ్చింటాది. నాది వంకరది.”

నేను బల్ల మీద ఉన్న తూటాల డబ్బా చూశాను. అది ఎప్పటిదో కాజూ బర్ఫీ డబ్బా. మూత తీస్తే లోపల ఒక సంత ఉంది. కొన్ని తూటాల సీసం మొన గుండ్రం, కొన్నింటిది బల్లపరుపు. కొన్నింటి ఇత్తడి మెరుస్తోంది, కొన్ని నల్లగా చిలుం పట్టాయి. ఒకదాని అడుగున ఒక ముద్ర, ఇంకోదాని అడుగున ఇంకో ముద్ర. “ఇవన్నీ ఎప్పటివి మామా?” అంటే, “లైసెన్సు తీసుకున్నప్పటి నుంచి అప్పుడప్పుడు కొన్నవి. తూటాకు వయసేముండాదిలే, మందు మందే గదా,” అన్నాడు.

ఒకటి తీసి చూశాను. పంటికీ చిగురుకీ మధ్య గార పట్టినట్టు, తూటా అడుగంచు కింద సందులో పసుపుపచ్చగా ఏదో గట్టిపడి ఉంది. పళ్ళ డాక్టర్ని కదా, గార కనబడితే చెయ్యి ఊరుకోదు. గోటితో మెల్లగా గీకాను. పచ్చగా, కాస్త ఎర్రగా పొడి రాలింది. వాసన చూసి సెక్రటరీకి ఇచ్చాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“డాక్టరమ్మా,” అన్నాడు. “ఇది పూజ చేసిన వస్తువు.”

ఇంటికొచ్చి అత్తను అడిగాం. ఆమె అలసందలు ఒలుస్తూ ఉంది. దాచిపెట్టలేదు, తడుముకోనూ లేదు.

“దసరాకు ఇంట్లో ఇనుమనేదానికల్లా పెడతాం గదా. కారుకు పెడితిమి, మిక్సీకి పెడితిమి, నువ్వు పళ్ళు పీకే పటకారుకు కూడా పెడితిమి. దానికి పెట్టొద్దా?”

“రివాల్వరుకు ఒక బొట్టు పెడితే చాలదా? ఒక్కో తూటాకూ పెట్టాల్నా?” అన్నాడు మామ.

“పేలేది యాది? అది గదా. అందుకే ఒక్కోదానికి పసుపు, కుంకుమ పెట్టి, ఆముదం రాసి ఎత్తిపెడతాండా. ప్రతి ఏడూ.”

“ఆముదం ఎందుకత్తా?” అన్నాను నేను.

“బిగుసుకోకుండా జారిపోవాలని. ఆముదం తాగితే మనిషికే జారిపోతాది, తూటా ఎంత?”

మామ సోఫాలో కూలబడ్డాడు. నాకు నవ్వు ఆగక వంటింట్లోకి పోయాను. అక్కడి నుంచే చెప్పాను, ఆముదం మెల్లమెల్లగా తూటా అడుగున నిప్పు రాజేసే క్యాపులోకి ఇంకిపోతే క్యాపు చచ్చిపోతుందనీ, చావనిది సగం సగం అంటుకుంటుందనీ, “తుస్” అన్నది అందుకేననీ, పసుపు గట్టిపడి అంచు కింద అడ్డం పడడం వల్లే సిలిండరు తిరగలేదనీ.

“అట్లయితే ఇన్నేండ్లు నా నడుముకు ఉన్నది తుపాకీ కాదు,” అన్నాడు మామ. “ఆముదం సీసా.”

“దేనికేం తక్కువయింది?” అంది అత్త, అలసందలు ఒలవడం ఆపకుండా. “ఎవురితో అన్నా కొట్లాట వచ్చెనా? ఎవురన్నా ఇంటి మీదికి వచ్చిరా? అంతా నా పసుపే.”



ఆ డబ్బాను సెక్రటరీకి అప్పగించాం. ఆయన వాటిని విడిగా, దూరంగా పెట్టించాడు. తర్వాత మామను కూర్చోబెట్టి చీరల భాషలో పాఠం చెప్పాడు. ఆయనకు వేరే భాష రాదు.

“సార్, మీరు జాకెట్టు గుడ్డ ఒక షాపులో, చీర ఒక షాపులో, అంచు ఇంకో షాపులో తెచ్చి, రంగు కలవలేదంటే ఎట్ల? ఒకే తానులో కోసిన గుడ్డయితేనే రంగు ఒకటిగా వస్తాది. తూటాలూ అంతే. ఒకే పెట్టెలోవి, ఒకే లాటువి కాల్చాల. అప్పుడు ప్రతిదాంట్లో మందు ఒకటే, గుండు బరువు ఒకటే. పోయిన చోటికే పోతాది. మీ డబ్బాలో ఒకటి కుంటుతా పోతాది, ఒకటి ఉరుకుతా పోతాది, ఒకటి అసలు పోనంటాది. మీ చెయ్యేం చేస్తాది పాపం?”

“నా చెయ్యేం చేస్తాది పాపం” అనే మాట మామకు బాగా నచ్చింది. కొన్ని రోజులు అందరితో అదే అన్నాడు.

క్లబ్బులో ఆ రోజు ఉన్న కొత్త పెట్టె ఒకటి విప్పారు. కొంచెం బరువైన గుండ్ల రకం. క్లబ్బులో కొన్నవి అక్కడే కాల్చి, ఖాళీ గుల్లలు అక్కడే ఇచ్చేయాలి. మామ ఆరూ కాల్చాడు. ఆరూ గట్టిగా, ఒకేలాగా పేలాయి. కాగితం తెచ్చారు. ఆరు రంధ్రాలూ ఒకదాని పక్కన ఒకటి, వడ కంటే కాస్త పెద్ద జాగాలో ఒదిగి ఉన్నాయి. కానీ నల్ల వలయానికి జానెడు పైన.

మామకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “నేను గురి పెట్టింది నడుమ. నడుమనే! చూసేది ఒక చోట, తగిలేది ఇంకో చోటా?”

“అది మంచిదే సార్,” అన్నాడు సెక్రటరీ. “ఒకచోట కుప్పగా పడినాయంటే చెయ్యి బాగుండాది. కుప్ప యాడ పడాలనేది తూటాను బట్టి.”

ఇది నాకు కూడా కొత్త సంగతే. రివాల్వరు పేలగానే దాని ముక్కు పైకి లేస్తుందని అందరికీ తెలుసు. కానీ గుండు గొట్టం దాటకముందే ముక్కు లేవడం మొదలవుతుందట. నిదానంగా పోయే బరువు గుండు గొట్టంలో ఇంకాస్త ఎక్కువ సేపు ఉంటుంది, అంతలో ముక్కు ఇంకాస్త లేస్తుంది, అందుకని పైన తగులుతుంది. తేలికగా, వేగంగా పోయేది తొందరగా బయటపడి కింద తగులుతుంది. నేనైతే దీన్ని తిరగేసి అనుకునేదాన్ని, బరువైంది కిందికి పడుతుందని.

“బస్సు కదలకముందు దిగినోడు స్టాపులో దిగుతాడు,” అన్నాడు సెక్రటరీ. “కదిలినాక దిగినోడు టీ కొట్టు కాడ దిగుతాడు. బస్సు ఒకటే, మనిషిదే ఆలస్యం.”

“అయితే నేను కొంచెం కిందికి గురి పెట్టాల?”

“పెట్టొచ్చు. లేకుంటే తూటా మార్చొచ్చు.”

కిందికి గురి పెట్టడం మామకు అవమానంగా తోచింది. తూటాలే మార్చారు. తర్వాతి ఆదివారాలు అదే పని. ఒక్కో రకం పెట్టె, ఒక్కో కాగితం. మామ పెళ్ళి చీరలు చూసినట్టు చూశాడు. ఇది వద్దు, అది వద్దు, ఇంకేమన్నా ఉంటే తీయి. చివరికి మొన లేకుండా పైన బల్లపరుపుగా కోసినట్టుండే రకం ఒకటి వచ్చింది. పందేల్లో కాల్చేవాళ్ళు వాడేది. మందు తక్కువ, అదురు తక్కువ. గుండ్రటి మొనవి కాగితాన్ని చింపుకుంటూ పోతే, ఇవి పంచింగ్ మెషిన్ పెట్టి కొట్టినట్టు నున్నటి రంధ్రాలు చేస్తాయి. ఆరూ వలయం నడుమ పడ్డాయి. మామ ఆ కాగితాన్ని పైకెత్తి ఆకాశం వైపు పెట్టి, రంధ్రాల్లోంచి వెలుతురు చూశాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో మళ్ళీ కాఫీ మొదలైంది.

గ్రూపులో పెట్టొద్దని నన్ను గట్టిగా హెచ్చరించి, ఆయనే నాయనకు ఫోను చేశాడు. “బావా, ఇంకోతూరి చూసుకుందాం.”

ఫోనులో ఆయన గొంతు మరీ నెమ్మదిగా ఉండడంతో నాయనకు అనుమానం వచ్చింది. ఏదో మందు దొరికింది బావకు అనుకున్నాడు. నాకు ఫోను చేసి ఆరా తీశాడు. జడ్జీని, నేను చెప్పలేదు. దాంతో ఆయన కడపలో తనకు అలవాటైన తూటాలు మానేసి, ఇంకా గట్టిగా పేలే రకం ఒకటి తన లైసెన్సు మీద కొనుక్కుని వచ్చాడు. గుండు తేలిక, మందు ఎక్కువ, మంట ఎక్కువ, చప్పుడు ఎక్కువ. గట్టిగా పేలేదే గట్టిగా తగులుతుందని ఆయన లెక్క.

ఆ ఆదివారం అత్త కూడా వచ్చింది. క్యారియరు నిండా ఉగ్గాని, బజ్జీలు తెచ్చింది. పసుపు కుంకుమ తెచ్చిందేమోనని మామ క్యారియరు గిన్నెలన్నీ ఒకసారి విప్పి చూశాడు.

మొదట నాయన. మొదటి దెబ్బకే రాళ్ళ గుంతలో ఉన్న పావురాలన్నీ లేచాయి. చెయ్యి మోచేతి దాకా ఎగిరింది. రెండోదానికి, పేలకముందే ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూశాను. మూడోదానికి భుజం ముందుకు తోశాడు. ఆరూ అయ్యాక కాగితం చూస్తే, రంధ్రాలు వలయానికి కింద, చెల్లాచెదురుగా, వరుస తప్పిన మేకల్లా ఉన్నాయి.

మామ కాల్చాడు. ఠప్, ఠప్, ఠప్. మధ్యలో ఆరు నున్నటి రంధ్రాలు. ఒకటి ఇంకోదాన్ని ఆనుకుని ఎనిమిది అంకెలాగా కూడా పడింది.

“చేతి మహిమ బావా,” అన్నాడు మామ, రివాల్వరు లోపలికి దోపుకుంటూ. “నేను పాప చెవులు కుట్టించే పొద్దే చెప్తిని గదా.”

నాయన ముఖం వాడిపోయింది. ఇక్కడే నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నాయన ముఖం చూసి ఉండలేకపోయాను. జడ్జీనన్న ధైర్యం ఒకటి. “ఒక పని చేయండి,” అన్నాను. “సెక్రటరీ గారిని అడిగి తూటాలు మార్చుకుని కాల్చండి. నాయన బల్లపరుపు మొనవి, మామ గట్టివి. రివాల్వర్లు ఎట్లాగూ ఒకటే.”

మార్చుకున్నారు. మామ మొదటి దెబ్బకే “ఓయమ్మా!” అన్నాడు. మూడోదానికి ఆయన కొత్త కళ్ళద్దాలు ముక్కు కొసకు జారాయి. కాగితం తెస్తే, రంధ్రాలు కింద, చెల్లాచెదురుగా. నాయన కాగితంలో ఆరూ మధ్యలో, ముద్దుగా, ఒకచోట.

నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచాను. మనిషి మారినా తూటాను బట్టే కుప్ప పడిందని నాకు కనబడుతోంది. సంతోషంగా చెప్పాను. “చూడండి, ఇద్దరి చెయ్యీ ఒకటే! గెలిపించింది తూటా. మీలో ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు.”

నేను అనుకున్నది, ఇద్దరూ నవ్వుకుని చేతులు కలుపుకుంటారని.

“అంటే,” అన్నాడు నాయన నిదానంగా. “నేను ఇన్ని ఆదివారాలు కాల్చింది ఉత్తదేనా?”

“అంటే నేను చెంబు పట్టుకుని నిలబడింది?” అన్నాడు మామ.

“అట్ల కాదు, అలవాటు ఉండాల్సిందే, కానీ తూటా...”

“తూటా దానంతటదే పోయి తగిలిందా? మేము ఊరికే పట్టుకుని నిలబడినామా?” నాయన మామ పక్కకు జరిగాడు. “చూడు బావా, ఏమంటాందో.”

“నేను ఇంటున్నా బావా,” అన్నాడు మామ. “పండ్లు పీకేదానికి తుపాకుల సంగతి ఎందుకంటా?”

పుట్టినప్పటి నుంచి ఎన్నడూ నాయన నన్ను ఇంకొకరితో చేరి తిట్టలేదు. అత్తారింటికి వచ్చినప్పటి నుంచి మామ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ రాళ్ళ గుంతలో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. సెక్రటరీ చెవుల మూతలు మళ్ళీ తగిలించుకున్నాడు. అత్త నాకు ఒక బజ్జీ ఇచ్చి, “తిను. ఇప్పుడు ఏమీ మాట్లాడాకు,” అంది.

ఇంటికి పోయేటప్పుడు ఇద్దరూ కారు వెనక సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. నేను నడుపుతున్నాను. దారి పొడుగునా నాతో ఒక్క మాట లేదు. వాళ్ళలో వాళ్ళు మాత్రం తెగ మాట్లాడుకున్నారు. ఈ కాలం పిల్లలకు చదువు ఎక్కువైందన్నారు. పళ్ళ డాక్టర్లు అనవసరంగా పళ్ళు పీకుతారన్నారు. మామేమో తనకు పన్ను నొప్పి వస్తే ఇకనుంచి కడప పోయి చూపించుకుంటానన్నాడు. నాయన, “రా బావా, నాకు తెలిసినాయన ఉండాడు, పీకనే పీకడు,” అన్నాడు. అద్దంలో చూస్తే ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు.

తర్వాతి ఆదివారం నాయన కడప నుంచి పొద్దున్నే వచ్చాడు. నాకు చెప్పకుండా మామను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చారు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. చేతిలో చుట్టిన కాగితం ఒకటే ఉంది.

విప్పి చూస్తే, ఒకే కాగితం మీద బోలెడన్ని రంధ్రాలు. కొన్ని నడుమ, కొన్ని పక్కన, ఒకటి రెండు మూలల్లో.

“ఇద్దరిదీ ఒకే కాగితమా? ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తుంది?” అన్నాను.

“తెలియదు,” అన్నాడు నాయన గర్వంగా.

“ఏ తూటాలు కాల్చినారు?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“జడ్జీలకు చెప్పేదిల్యా,” అన్నాడు మామ.

ఆ కాగితానికి అద్దం కట్టించి బేతంచెర్లలో ఫ్యాక్టరీ ఆఫీసులో తగిలించారు. బండలు కొనడానికి వచ్చినవాళ్ళు, “ఎవరు కాల్చినారప్పా ఇది?” అని అడుగుతారు. మామ ముందు నడుమ ఉన్న రంధ్రాలను చూపించి “నేను” అంటాడు. ఆ రోజు నాయన అక్కడ ఉంటే ఆయనా వాటినే చూపించి “నేను” అంటాడు. మూలల్లో ఉన్న వాటి గురించి అడిగితే మాత్రం, ఇద్దరూ కలిసి కర్నూలు వైపు చెయ్యి చూపించి, “మా పళ్ళ డాక్టరమ్మ” అంటారట.